మేకులు తీసేసి తూస్తే అది టెంటు బరువా?

ఈ రోజు మధ్యాహ్నం పార్సిలు వచ్చింది. ఒంటరి దూరప్రయాణాలకు తేలికైన టెంటు, బరువు 890 గ్రాములు అని రాశారు. రెండు నెలలు ఆలోచించి 16,000 రూపాయలు పెట్టాను. ఉండేది పలాసలో, ఎదురుగానే జీడిపప్పు దుకాణం. తీసుకెళ్ళి కాటా మీద పెడితే 1,090 చూపించింది. తీసి మళ్ళీ పెట్టాను. అదే అంకె.

అన్నీ విడదీసి తూచాను. ఎనిమిది మేకులు 112 గ్రాములు, తాళ్ళు 40, సంచి 28. ఇవేవీ వాళ్ళ లెక్కలో లేవు. పోనీ, అవి పక్కన పెడితే 890 వచ్చిందా? 910! దుకాణం బాబాయి చూసి, "మేము సంచి తరుగు తీసేసి తూస్తాం బాబూ, అది న్యాయం. మేకులు తీసేస్తే ఇది నిలబడుతుందా?" అన్నారు. పప్పు తూచే మనిషికి ఒక్క నిమిషంలో అర్థమైన సంగతి టెంటు కుట్టి అమ్మేవాళ్ళకు తెలియదంటే నేను నమ్మను.

పైగా దీనికి సొంత కమ్మీలు లేవు. మన చేతికర్రను మధ్యలో నిలబెట్టి, చుట్టూ మేకులతో లాగి కట్టాలి. ఆ కర్ర విడిగా కొనుక్కోవాలి, దాని బరువూ లెక్కలోకి రాదు. ఇలాంటి టెంటుకు మేకులే ప్రాణం. వీళ్ళిచ్చిన సన్నటి మేకులు మెత్తటి పచ్చిక నేలకు పనికొస్తాయేమో. నేను నడవబోయేది బారువ నుంచి కళింగపట్నం దాకా, సముద్రతీరం వెంట ఇసుక మీద. పొడి ఇసుకలో ఆ మేకు వేలితో లాగితే వచ్చేస్తుంది. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, గొయ్యి తీసి పాతాలి. ఆ మాట ఎక్కడా రాయరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఇంటి రేకులు లేపేసింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. టార్పాలిన్ కింద గడిపిన ఆ రాత్రుల్లో దాని బరువెంత అని మేమెవరం అడగలేదు. తాడు ఎన్నిచోట్ల కట్టామో చూసుకున్నాం.

అసలు గ్రాముల పిచ్చి అంటగట్టినవాళ్ళ మీదే నా కోపం ఎక్కువ. మూడేళ్ళ క్రితం డిసెంబరులో మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కాం. 1,501 మీటర్ల కొండ. నా పాత రెండు పొరల టెంటు 1,700 గ్రాములు. బయలుదేరకముందే బృందం పెద్దాయన దాన్ని అందరి ముందూ చేత్తో ఎత్తి చూపించి, "ఇది మోసుకుని ఎవరైనా కొండ ఎక్కుతారా?" అని నవ్వారు. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. ఇంట్లో వదిలేసి, ఆయన ఇచ్చిన ఒంటి పొర టెంటు తీసుకెళ్ళాను. రాత్రంతా మంచు. మనం వదిలిన ఊపిరిలోని తేమ చల్లబడిన గుడ్డకు తగిలి నీరవుతుంది. లోపల వల గుడ్డతో ఇంకో పొర ఉంటే ఆ నీరు పైపొరకే ఉండిపోతుంది, మనిషి దాన్ని తాకడు. ఒంటి పొరలో పక్కకు తిరిగితే చాలు, ముఖానికి అంటుతుంది. తెల్లవారేసరికి నా ఈకల పడకసంచి తడిసి ముద్దయింది. ఈకలు తడిస్తే వెచ్చదనం ఉండదు. పైగా గుడ్డ నైలాన్. తడికి సాగి, తాళ్ళు వదులై, నా మీదకు జారింది. వారం రోజులు జ్వరంతో పడుకున్నాను. ఆయన ఒక్కసారైనా ఫోను చేయలేదు. ఆ నవ్వు మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే ఈసారి నా అంతట నేనే చదివి, రెండు పొరలది, తక్కువ సాగే పాలిస్టర్ గుడ్డది ఎంచుకున్నాను. తేమ నిండిన మన కోస్తాగాలికి ఏది ఆగుతుందో అన్నీ చూసుకున్నాను. వాళ్ళు రాసిన బరువు ఒక్కటే నమ్మాను. అక్కడే దెబ్బ తిన్నాను. వీపు మీద మోసేది మనం. రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచేవాడు ఆ అంకె చూసే నీళ్ళెన్ని, బియ్యమెంత అని లెక్క వేసుకుంటాడు. 200 గ్రాములంటే నాకు ఒక పూట తిండి!

రేపు ఉదయమే తిరిగి పంపేస్తున్నాను. పాత టెంటు మేడ మీద ఆరేసి వచ్చాను. బారువలో దానితోనే బయలుదేరతాను. ఎవరైనా చేత్తో ఎత్తి చూపించి నవ్వితే ఈసారి ఊరుకోను.