జిల్లా ప్రణాళిక నీళ్ల లెక్కతో మొదలవ్వాలి

2047 నాటికి ఎలా ఉండాలో చెప్పే విజన్ పత్రంలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏటా 15 శాతం వృద్ధి అని రాసుకుంది. ఆ శాతాన్నే కిందికి దించి జిల్లాలకు లక్ష్యంగా పెడుతున్నారు. దాన్ని ఒక్కసారి చక్రవడ్డీ లెక్క కట్టి చూడండి. అయిదేళ్లకు రెట్టింపు, ఇరవై మూడేళ్లకు దాదాపు 25 రెట్లు. ధరల పెరుగుదల కలుపుకున్నా సరే, ఏడాదికి సగటున 552 మిల్లీమీటర్ల వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో సేద్యం అన్ని రెట్లు ఏ నీళ్లతో పెరుగుతుంది? ఈ ప్రశ్న అడగకుండా తయారైన కాగితాన్ని నేను ప్రణాళిక అనను.

ముందు ఆ శాతం దేనిమీదో తెలియాలి. అర్థ గణాంక శాఖ కట్టే జిల్లా స్థూల ఉత్పత్తి మీద. అందులో పంటలు, గనుల లాంటి వాటికి జిల్లా నుంచే లెక్కలు వస్తాయి. సేవారంగంలో చాలా భాగం మాత్రం రాష్ట్ర మొత్తాన్ని ఏదో ఒక సూచిక పట్టుకుని జిల్లాలకు పంచడమే. పైగా అది జిల్లాలో తయారైనదాని విలువ, జిల్లా జనం చేతికి వచ్చిన డబ్బు కాదు. ఎర్రమంచిలో కియా కారు తయారైతే ఆ విలువ ఇక్కడే పడుతుంది, లాభం ఎక్కడికి పోయినా. కదిరి నుంచి బెంగళూరు వెళ్లి కట్టడం పని చేసి ఇంటికి పంపే కూలీ డబ్బు ఇందులో ఎక్కడా కనపడదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. కియా ఫ్యాక్టరీ ఉన్న పెనుకొండ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఫ్యాక్టరీలో ఒక్క బోల్టు కదల్లేదు, అనంతపురం జిల్లాలో ఒక్క ఇంటి ఆదాయం తగ్గలేదు, కానీ తలసరి అంకె మారిపోయింది. ఒక గీత గీస్తే మారిపోయే అంకెని ఇరవై ఏళ్ల లక్ష్యంగా పెట్టుకుంటే అధికారులు ఆ అంకె కోసమే పనిచేస్తారు. వలస తగ్గిందా, బోర్లు నిలిచాయా అన్నది ఎవరికీ పట్టదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడి నేల కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ రాయి. ఇలాంటి చోట పడిన వానలో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు. అంటే ఏడాదికి 55 మిల్లీమీటర్లు, ఎకరాకి దాదాపు 220 ఘనపు మీటర్లు. డ్రిప్పు పెట్టినా అరటి తోటకి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు తక్కువ కాదు. వాన తడి కొంత కలిసొస్తుందనుకున్నా, ఒక ఎకరా అరటి పదిహేను, ఇరవై ఎకరాల ఊటని తాగేస్తుంది. చీనీకి, అంటే బత్తాయికి, ఇంత అక్కర్లేదు గానీ అది పదిహేను, ఇరవై ఏళ్లు నిలవాల్సిన చెట్టు. వరసగా రెండేళ్లు వాన తప్పితే ట్యాంకర్లతో నీళ్లు తోలాల్సి వస్తుంది, తోలలేనివాళ్ల చెట్లు ఎండిపోతాయి. మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు 2003 నుంచి డ్రిప్పు ఇస్తూనే ఉంది, మంచి పనే. అయితే డ్రిప్పుతో మిగిలిన నీటితో అదే రైతు ఇంకో ఎకరా తోట వేస్తే భూగర్భంలో మిగిలేది సున్నా. డ్రిప్పు ఎన్ని హెక్టార్లకు ఇచ్చాం అని లెక్క చెప్పుకుంటాం, మే నెలాఖరుకి నీటిమట్టం ఎంత లోతుకి పోయిందన్నది ఆ లెక్క పక్కన ఉండదు.

కాలువ నీళ్లదీ ఇదే కథ. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకానికి శ్రీశైలం నుంచి 40 టీఎంసీలు, నాలుగు ఉమ్మడి జిల్లాల్లో కలిపి ఆయకట్టు 6 లక్షల ఎకరాల పైచిలుకు. భాగించి చూడండి: ఒక్క చుక్క వృథా కాకపోయినా పొలం మీద 465 మిల్లీమీటర్ల మందం. కాలువలో ఇంకిపోయేది, ఆవిరయ్యేది తీసేస్తే ఇంకా తక్కువ. ఇది ఆరుతడి పంటల నీరు, వరి నీరు కాదు. ప్రధాన కాలువ పక్కన మొదటి ఏడాది వరి వేయనిస్తే చివరి భూములకు ఎప్పటికీ నీరు అందదు, ఎందుకంటే ఒకసారి వరికి అలవాటైన మడిని ఏ ప్రభుత్వమూ వెనక్కి తిప్పలేదు. పిల్ల కాలువలు పూర్తి చేయకుండా చెరువులకు నీళ్లు వదిలి ఊరుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే. చెరువులు నిండటం కావాలి, కాదనను. ఏ చెరువు కింద ఏ పంట, ఎన్ని ఎకరాలు అన్న ఒప్పందం ఆ ఊరి నీటి సంఘంతో నీళ్లు రాకముందే కుదరాలి.

అందుకే ప్రణాళికలో మొదటి పేజీ మండలాల వారీ నీటి బడ్జెట్ కావాలి. వాన, ఊట, కాలువ వాటా ఒకపక్క, తాగునీరు, పశువులు, తోటలు, ఫ్యాక్టరీలు ఇంకోపక్క. లోటు ఉన్న మండలంలో కొత్త తోటలకు సబ్సిడీ ఆపేయాలి. ఇది చెప్పడానికి ఏ నాయకుడికీ ఇష్టం ఉండదని తెలుసు. చెప్పకపోతే అదే మాట ఎండిన బోర్లు చెబుతాయి, అప్పటికి రైతు అప్పు చేసేసి ఉంటాడు.

ఉద్యాన పంటల్లో డబ్బు ఉందనడంలో సందేహం లేదు. కొన్నేళ్ల కిందట తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకి 43 రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో అరటి రైలు వెళ్లింది. ఆ గెల రేవు దాకా చేరాలంటే తోటలోనే గెలకి సంచి తొడగాలి, కాయ నేలకి తగలకుండా కోయాలి, హస్తాలు విడదీసి కడగాలి, అదే రోజు ప్యాక్‌హౌస్‌లో 13, 14 డిగ్రీలకు చల్లబరచాలి. ఇందులో ఒక్కటి తప్పినా ఆ సరుకు లోకల్ మార్కెట్ ధరకే. ప్యాక్‌హౌస్‌లు, శీతల గిడ్డంగులు కట్టడానికి పథకాల్లో డబ్బు దొరుకుతుంది. నడపడానికి దొరకదు. ఏడాదిలో ఎన్ని నెలలు సరుకు వస్తుంది, మిగతా నెలల కరెంటు బిల్లు ఎవరు కడతారు అన్న లెక్క లేకుండా కట్టిన గిడ్డంగి రెండో ఏడాదే మూతపడుతుంది. రిబ్బను కట్ చేసిన ఫొటో మాత్రం మిగులుతుంది.

ఫ్యాక్టరీల విషయంలో రెండు అనుభవాలు ఇక్కడే ఉన్నాయి. చిలమత్తూరు, గోరంట్ల వైపు నాలెడ్జ్ హబ్ పేరుతో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి పోయింది, పరిశ్రమలు రాలేదు. కియాకి 2017లో ఒప్పందం కుదిరింది, 2019 కల్లా కార్లు బయటికి వచ్చాయి. తేడా ఎక్కడుంది? రెండోదాంట్లో ఎవరు, ఏం తయారుచేస్తారు, ఎప్పటికి అన్నది భూమి ఇచ్చేటప్పుడే తెలుసు. భూమిని విడతలుగా ఇవ్వాలి, మొదటి విడతలో ఉత్పత్తి మొదలయ్యాకే రెండో విడత, ఈలోగా తాకట్టు పెట్టుకునే హక్కు ఉండకూడదు.

ఫ్యాక్టరీ వచ్చాక కూడా పని తీరలేదు. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది లేదా ఆపైన పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. హిందూపురం పారిశ్రామికవాడ నుంచి తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల దాకా ఎవరు ఎంతమందిని తీసుకున్నారు, అందులో ఇక్కడి ఐటీఐల పిల్లలు ఎందరు అన్న పట్టిక మూడు నెలలకోసారి బయటపెడితే చాలు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు.

డబ్బు మాట. జిల్లా చేతిలో స్వేచ్ఛగా ఖర్చుపెట్టుకునే సొమ్ము చాలా తక్కువ. ఉన్నవాటిలో గట్టిది జిల్లా ఖనిజ నిధి. సున్నపురాయి లాంటి ప్రధాన ఖనిజాలకు, 2015 జనవరి 12కి ముందటి లీజులైతే రాయల్టీ మీద 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఇందులోకి వస్తుంది. గని తరిగిపోయేది కాబట్టి ఆ డబ్బు ఆ ఊళ్లలో నీళ్లకి, చదువుకి, వైద్యానికి పోవాలి. ఎవరడిగితే వాళ్లకి సిమెంటు రోడ్డుగా ముక్కలు చేయకూడదు.

అసలు పెద్ద డబ్బు బ్యాంకుల్లో ఉంది. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఏటా ప్రతి జిల్లాకీ పీఎల్‌పీ, అంటే ఏ రంగంలో ఎంత అప్పుకి అవకాశం ఉందో చెప్పే అంచనా, తయారుచేస్తుంది, దాన్నిబట్టి జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు వార్షిక రుణ ప్రణాళిక వేస్తుంది. ఇక్కడ ఆ బాధ్యత కెనరా బ్యాంకుది. విజన్ డాక్యుమెంటులో ఎంత అందంగా రాసినా పీఎల్‌పీలో ఎక్కని పనికి టర్మ్ లోను, అంటే కొన్నేళ్లలో తీర్చే పెట్టుబడి అప్పు, పుట్టడం కష్టం. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకి రావాలి.

ఆ బల్ల రాజ్యాంగంలోనే ఉంది. 243 జెడ్‌డీ అధికరణం ప్రకారం జిల్లా ప్రణాళికా సంఘంలో అయిదింట నాలుగు వంతుల మంది జడ్పీ, మున్సిపాలిటీల సభ్యుల నుంచి ఎన్నికైనవాళ్లే ఉండాలి. కలెక్టర్లు బదిలీ అవుతారు, ప్రభుత్వాలు మారతాయి, ప్రణాళిక ముసాయిదాని పట్టుకుని నిలవాల్సింది ఈ సంఘమే. 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయినా జడ్పీలు పాతవే ఉండిపోయాయి. చాలామంది దీన్ని చిక్కుముడి అంటారు. నా దృష్టిలో అనంతపురం విషయంలో ఇది మేలే: హంద్రీ-నీవా కాలువ, 44వ నంబరు హైవే, బెంగళూరు మార్కెట్ రెండు జిల్లాలకూ ఉమ్మడివి, ప్రణాళిక కూడా ఉమ్మడిగానే ఉండాలి.

రెండు జిల్లాల ముఖ్య ప్రణాళికాధికారుల దగ్గర వర్షపాతం, పంట కోత ప్రయోగాల దిగుబడులు ఏళ్ల తరబడి ఉన్నాయి. భూగర్భ జల శాఖ దగ్గర నీటిమట్టాలు ఉన్నాయి. వాటిని కలిపి మండలానికో పేజీ నీటి బడ్జెట్ వేయడానికి కొత్త కన్సల్టెంటు అవసరం లేదు. వచ్చే ఏడాది పీఎల్‌పీ కసరత్తు మొదలయ్యేలోపే ఆ పేజీలు జడ్పీ సమావేశంలో చర్చకు పెట్టి, సభ్యుల సంతకాలతో నాబార్డు జిల్లా అధికారికి, లీడ్ బ్యాంకు మేనేజరుకి అందజేయండి.