సవరణ: 16 అంగుళాల వీల్‌కి 195/60 కాదు, 195/55

బెంగళూరు జేసీ రోడ్‌లో అల్లాయ్ వీల్స్ వేయించుకునేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో, కంపెనీ నుంచి 185/65 ఆర్15 టైర్లతో వచ్చిన కారుకి 16 అంగుళాల వీల్ వేస్తే 195/60 టైరు తీసుకోమని రాశాను. అది తప్పు. తీసుకోవాల్సింది 195/55 ఆర్16.

లెక్క టైరు మీది అంకెల్లోనే ఉంది. 185 అంటే టైరు వెడల్పు మి.మీ.లో, 65 అంటే ఆ వెడల్పులో ఎంత శాతం టైరు పక్క గోడ ఎత్తో, 15 అంటే రిమ్ అంగుళాల్లో. 185లో 65 శాతం అంటే సుమారు 120 మి.మీ. ఎత్తు; పైనా కిందా కలిపి 240, 15 అంగుళాల రిమ్ 381, మొత్తం టైరు ఎత్తు 621. 195/55 ఆర్16 కూడా దాదాపు 621కే వస్తుంది. 195/60 అయితే 640 అవుతుంది: మీటరు 100 చూపిస్తుంటే బండి 103లో పోతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు చక్రం పైనుండే బండి లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకోవచ్చు. టైరు కంపెనీల సైజు పట్టికలతో సరిచూసుకున్నాను.

ఇంకొకటి, షాపుల్లో ఎవరూ చెప్పనిది. 195/55 ఆర్16 చాలావరకు 87 లోడ్ ఇండెక్స్‌తో (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) దొరుకుతుంది, అంటే ఒక్కో టైరుకి 545 కిలోలు. పాత టైరు మీద 88 ఉంటే అది 560. కాబట్టి 88కి తగ్గనిదే అడగండి. 91 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసేలా చేసిన టైరు) దొరికితే మరీ మంచిది. 195/55కి మారితే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) 13 మి.మీ. తగ్గుతుంది, గుంతల్లో రిమ్ వంగేది అందుకే.