సిలబస్ మారింది సరే, విద్యార్థికి ఏం వచ్చింది?

పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా జన్యువు మార్చిన పత్తి బీటీ పత్తి. ఆ విత్తనాలతో పాటు రైతుకు ఒక చిన్న ప్యాకెట్ కూడా ఇచ్చేవారు. 450 గ్రాముల బీటీ విత్తనాలకు తోడుగా 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాలు. వాటిని చేను చుట్టూ వేయాలి. చాలామంది రైతులు ఆ ప్యాకెట్‌ను పట్టించుకోలేదు. కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు బీటీ కాయల్ని కూడా తొలచడం మొదలుపెట్టింది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి పండించే ఇళ్ల పిల్లలు ఎంతోమంది డిగ్రీలో బీజెడ్సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) చదువుతున్నారు. పురుగు మీద బీటీ ఎందుకు పని చేయడం లేదని వాళ్లను అడిగితే సాధారణంగా వినపడే జవాబు ఒకటే: "మందుకు అలవాటు పడిపోయింది సార్."

నిజానికి ఏ పురుగూ అలవాటు పడలేదు. లక్షల పురుగుల్లో బీటీ విషాన్ని తట్టుకోగలిగినవి ముందునుంచీ ఏ కొన్నో ఉంటాయి. మిగతావన్నీ చచ్చిపోతే ఇవే మిగులుతాయి, వీటి సంతానమే చేనంతా నిండుతుంది. చుట్టూ నాన్ బీటీ మొక్కలుంటే వాటి మీద మామూలు పురుగులు కూడా బతుకుతాయి. అవి తట్టుకునే పురుగులతో జతకట్టినప్పుడు పుట్టే సంతానంలో ఎక్కువ భాగం బీటీకి లొంగిపోతుంది. చిన్న ప్యాకెట్ అందుకోసమే. డార్విన్ సిద్ధాంతం మీద పరీక్షలో నాలుగు పేజీలు తడుముకోకుండా రాసిన విద్యార్థి కూడా తన చేలో జరిగిన ఈ ప్రకృతి వరణాన్ని గుర్తుపట్టలేకపోతే ఆ నాలుగు పేజీలు దేనికి? డిగ్రీ జీవశాస్త్రంలో ఏ సంస్కరణ తెచ్చినా నేను మొదట అడిగేది పరీక్షలో రాసేదానికీ చేలో గుర్తుపట్టగలిగేదానికీ ఉన్న ఈ తేడా తగ్గిందా లేదా అనే.

ఈ ప్రశ్నను పట్టుకుని ఎక్కువ దూరం వెళ్లింది అమెరికా. అక్కడ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003లో 'బయో 2010' నివేదిక ఇచ్చింది. 2009లో జరిగిన పెద్ద సదస్సు తర్వాత 2011లో 'విజన్ అండ్ చేంజ్' నివేదిక వచ్చింది. జీవశాస్త్రాన్ని వందల అధ్యాయాలుగా కాకుండా పరిణామం, నిర్మాణం-విధి, జన్యు సమాచార ప్రవాహం, శక్తి-పదార్థాల మార్పిడి, వ్యవస్థలు అనే అయిదు మూల భావనల చుట్టూ చెప్పాలన్నది దాని సారాంశం. పాఠం వింటూ నోట్సు రాసుకోవడం తగ్గి, విద్యార్థులు క్లాసులోనే సమస్యల మీద పని చేయాలని, చర్చించాలని, డేటా చూసి తేల్చుకోవాలని కూడా చెప్పింది.

నివేదికలు అన్ని దేశాల్లోనూ వస్తాయి. అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి భాగం. తాము తెచ్చిన మార్పు పని చేసిందో లేదో వాళ్లు వెంటపడి కొలిచారు, తమకు నచ్చని ఫలితాలు వచ్చినా దాచకుండా అచ్చేశారు.

ముందు నచ్చిన ఫలితం చూద్దాం. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజనీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి లెక్క కట్టింది. లెక్చర్ మాత్రమే నడిచిన క్లాసుల్లో ఫెయిలయినవారు సగటున దాదాపు 34 శాతం. విద్యార్థులతో పని చేయించిన క్లాసుల్లో 22 శాతం. చిన్న తేడా కాదిది.

కానీ అంతకు మూడేళ్ల ముందే, 2011లో, ఇంకో అధ్యయనం వచ్చింది. దాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. టెస్సా ఆండ్రూస్, ఆమె సహచరులు అమెరికాలో 33 జీవశాస్త్రం కోర్సులను ఎంచుకుని, ప్రకృతి వరణం గురించి విద్యార్థులకు కోర్సు ముందు, తర్వాత పరీక్ష పెట్టారు. క్లాసులో కార్యకలాపాలు ఎక్కువ జరిగినచోట నేర్చుకున్నది కూడా ఎక్కువ ఉండాలి కదా. అలాంటి సంబంధమేమీ కనపడలేదు. ఆ పద్ధతులు మంచి ఫలితాలిచ్చినట్టు చూపిన చాలా అధ్యయనాల్లో పాఠం చెప్పినవారు బోధన మీద పరిశోధన చేసే ప్రొఫెసర్లేనని, మామూలు అధ్యాపకుడి చేతికి వచ్చేసరికి పద్ధతి పేరు మిగిలి అసలు సంగతి జారిపోతూ ఉండవచ్చని వాళ్లు అభిప్రాయపడ్డారు. విద్యార్థి మనసులో ఉన్న పొరపాటు అవగాహనను బయటికి లాగి దానితో తలపడనంతవరకు ఎన్ని గ్రూప్ డిస్కషన్లు పెట్టినా ఆ అవగాహన చెక్కుచెదరదు. పురుగు మందుకు అలవాటు పడిందనే నమ్మకం అలాంటిదే.

అదే ఏడాది డయాన్ ఎబర్ట్ మే బృందం మరో విషయం తేల్చింది. శిక్షణ శిబిరాలకు హాజరైన అధ్యాపకులను అడిగితే, తమ బోధన మార్చుకున్నామని 89 శాతం మంది చెప్పారు. వాళ్ల క్లాసుల వీడియోలు తెప్పించి చూస్తే 75 శాతం మంది ఎప్పటిలాగే లెక్చరే చెబుతున్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను. నాలుగు ప్రశ్నలు వేసినందుకే క్లాసు మారిపోయిందని మనస్ఫూర్తిగా నమ్మి ఉంటారు. అందుకే ఏ సంస్కరణనైనా అమలు చేసేవాళ్ల మాట మీదే మదింపు చేయకూడదు. విద్యార్థి అభిప్రాయం కూడా చాలదు. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద జరిగిన ప్రయోగంలో, తామే పని చేసిన క్లాసులో ఎక్కువ నేర్చుకున్నవాళ్లు తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగిపోయిన లెక్చర్ విన్నవాళ్లకు బాగా అర్థమైనట్టు అనిపించింది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో సీబీసీఎస్ సెమిస్టర్ విధానం వచ్చింది, అంటే విద్యార్థి కొన్ని కోర్సులు ఎంచుకుని క్రెడిట్లు కూడగట్టుకునే పద్ధతి. 2020-21లో సిలబస్ మార్చి 10 నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. 2023-24లో సింగిల్ మేజర్ వచ్చి, మూడు సబ్జెక్టుల బీజెడ్సీ స్థానంలో ఒక ప్రధాన సబ్జెక్టు నిలబడింది. తెలంగాణలో కూడా 2016 నుంచి సీబీసీఎస్ నడుస్తోంది. ఒక బ్యాచ్ బయటికి వెళ్లి ఏం నేర్చుకుందో చూసేలోపే తర్వాతి మార్పు వచ్చి పడుతోంది. లెక్చరర్లకు కొత్త సిలబస్ మీద పట్టు చిక్కేసరికి అది పాతదైపోతుంది. మదింపు జరగడం లేదని కాదు. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ కోసం ఫీడ్‌బ్యాక్ ఫారాలు నింపుతారు, కోర్సు ఔట్‌కమ్స్ పట్టికలు తయారు చేస్తారు, ఉత్తీర్ణత శాతాలు రాస్తారు. అమెరికా అధ్యయనాలు నమ్మవద్దని చెప్పింది సరిగ్గా ఇలాంటి ఆధారాలనే.

మార్పు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకమైన చోటు ప్రశ్నపత్రం. అమెరికాలో 2010లో జెన్నిఫర్ మామ్సెన్ బృందం 50 మంది అధ్యాపకులు చెప్పిన 77 ప్రారంభ జీవశాస్త్రం కోర్సుల నుంచి 9,713 ప్రశ్నలు సేకరించి చూసింది. 93 శాతం ప్రశ్నలు గుర్తుపెట్టుకోవడానికో, మహా అయితే అర్థం చేసుకోవడానికో పరిమితమయ్యాయి. తెలిసినదాన్ని కొత్త సందర్భానికి వాడాల్సినవి బాగా తక్కువ. మన సెమిస్టర్ పేపర్లు ఏ అయిదేళ్లవైనా పక్కపక్కన పెట్టి చూడండి. కణత్వచం నిర్మాణం వివరించండి, క్షయకరణ విభజన దశలు రాయండి, మెండల్ నియమాలు తెలపండి. రెండేళ్ల పేపర్లు తిరగేస్తే మూడో ఏడాది పేపర్ ఊహించవచ్చు. గైడ్లు అమ్ముడుపోయేది ఇందుకే, పరీక్షకు పది రోజుల ముందు చదువు మొదలుపెట్టినా గట్టెక్కేదీ ఇందుకే. ప్రాక్టికల్స్‌లో సీనియర్ రికార్డు చూసి మక్కీకి మక్కీ బొమ్మ దింపితే సంతకం పడిపోతుంది. 2014లో యూజీసీ జంతువుల డిసెక్షన్లు ఆపమంది, అది మంచి నిర్ణయం. కానీ వాటి స్థానంలో విద్యార్థి స్వయంగా పరిశీలించి తేల్చుకునే పని రావాలి కదా. చార్టు చూసి కాపీ చేయడం ఆ లోటు తీర్చదు.

ప్రశ్నపత్రం మారకుండా సిలబస్ మారితే విద్యార్థి చదివే తీరు మారదు. ఇందులో వాళ్ల తప్పు లేదు. ఏది అడుగుతారో అదే చదువుతారు.

ఆశ పుట్టించే ఫలితం కూడా ఒకటుంది, అది మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల పిల్లలకు సూటిగా సంబంధించింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రారంభ జీవశాస్త్రం కోర్సును మార్చారు. క్లాసుకు ముందు చదివిరావడం మీద చిన్న క్విజ్, క్లాసులో రోజూ సమస్యలు, వారానికో ప్రాక్టీస్ పరీక్ష. 2011లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అందరికీ మేలు జరిగింది. పేద, వెనుకబడిన నేపథ్యం నుంచి వచ్చిన విద్యార్థులకు ఇంకా ఎక్కువ మేలు జరిగి, మిగతావాళ్లతో వాళ్లకున్న అంతరం తగ్గింది. 2020లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా అదే దిశ కనిపించింది. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని విద్యార్థికి రోజువారీ సాధన కాలేజీయే కల్పించాలి. దానికి కొత్త భవనాలు, స్మార్ట్ బోర్డులు అక్కర్లేదు. తెల్ల కాగితాలు, తీరిగ్గా ప్రశ్నలు తయారు చేసుకునే సమయం, ఒక్కో సెక్షన్‌కు నిలకడగా ఉండే లెక్చరర్ కావాలి. ఏటా మారిపోయే గెస్ట్ లెక్చరర్ల మీద బండి లాగిస్తూ ఈ పని జరగాలంటే కుదరదు. ప్రభుత్వాలు ఈ మాటను తప్పించుకోలేవు.

కాబట్టి రాబోయే సంస్కరణకు ముందు ఒక చిన్న పని చేయాలి. మొదటి సెమిస్టర్‌లో చేరిన వారంలోనే మూల భావనల మీద పది ప్రశ్నల పరీక్ష పెట్టాలి. పత్తి పురుగు గురించి ఒకటి, విత్తనం మహావృక్షమైతే ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చిందని ఒకటి, మలేరియా ఉన్న ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్తవ్యాధి జన్యువు ఎందుకు మిగిలిందని ఒకటి. వాటికి దీటైన పది ప్రశ్నలే చివరి సెమిస్టర్‌లో మళ్లీ ఇవ్వాలి. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయింది. భావన అర్థమై కూడా భాష దగ్గర ఆగిపోయిన విద్యార్థికి జీవశాస్త్రం రాలేదని లెక్క కట్టడం అన్యాయం.

ఈ పరీక్షను కాలేజీల ర్యాంకులకు మాత్రం వాడకూడదు. వాడితే ఏడాది తిరగకుండానే ఆ పది ప్రశ్నలూ గైడ్లలోకి ఎక్కుతాయి, లెక్చరర్ల మీద టెన్షన్ పెరుగుతుంది. ప్రశ్నలు ఏటా మార్చాలి, కాలేజీ పేరు బయటికి రాకూడదు. ఫలితం ముందుగా ఆ పాఠం చెప్పిన లెక్చరర్‌కు అందాలి, ఆ తర్వాత సిలబస్ రాసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు వెళ్లాలి. మూడేళ్ల తర్వాత కూడా పురుగు మందుకు అలవాటు పడిందనే సగం మంది రాస్తే, ఆ బోర్డు క్రెడిట్ల లెక్కలు పక్కనపెట్టి మొదట ఆ పాఠాన్నే చేతిలోకి తీసుకోవాలి.