సెకండ్‌హ్యాండ్ మెషీన్ల మీద మెరిసే ఆకుపచ్చ పెయింటు గారికి

గౌరవనీయులైన ఆకుపచ్చ పెయింటు గారికి,

మీరు కుశలమేనా అని వేరే అడగక్కర్లేదు. నా గోళ్ల సందుల్లో ఉన్నారు, పాత లుంగీ మీద ఉన్నారు, థిన్నర్ డబ్బా అడుగున ఉన్నారు, కారు షెడ్డు గచ్చంతా రేకులు రేకులుగా రాలి ఉన్నారు. ఈ ఆదివారం మధ్యాహ్నం మొత్తం తమరి సేవలోనే తరించింది. బిర్యానీ చల్లారిపోయింది. భోజనానికి పిలిచి పిలిచి ఇంట్లోవాళ్లు తినేసి పడుకున్నారు. నేను మాత్రం ఒక్క స్క్రూ గాట్లోంచి మిమ్మల్ని బయటికి లాగడానికి హ్యాక్సా బ్లేడు ముక్క పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నా.

హైదరాబాద్ బాలానగర్ సందుల్లో పాత మెషీన్ల షెడ్ల ముందు తిరిగినవాళ్లకి మీరెవరో చెప్పక్కర్లేదు. లేత్ మీదా మీరే, షేపర్ మీదా మీరే, పవర్ హ్యాక్సా మీదా మీరే. రాజ్‌కోట్‌లో పుట్టిందా, బటాలాలో పుట్టిందా, ఎన్ని చేతులు మారింది, ఎన్నేళ్లు వానలో నానింది, ఇవేవీ మీకు పట్టవు, అందరికీ ఒకటే యూనిఫాం. నేను చూసి కొన్న మిల్లింగ్ మెషీన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కేది) అయితే ఆ ఎండలో తళతళలాడిపోతోంది. షెడ్డాయన "రన్నింగ్ కండిషన్ సార్, కరెంట్ పెట్టుడే ఆలస్యం" అన్నాడు. నిన్నమొన్నే కంపెనీ నుంచి దింపామంటున్నారు, మరి పెయింటు వాసన గుప్పుమంటోందేంటని అడిగితే, "సర్వీసింగ్ చేపిచ్చినం కద సార్" అన్నాడు. సర్వీసింగ్ అంటే తమరేనని, తమరు తప్ప ఇంకేమీ లేదని, బేరింగ్ విప్పలేదు, బెల్టు మార్చలేదు, చుక్క ఆయిల్ పోయలేదని ఇంటికొచ్చాక తెలిసింది.

చిన్న చిన్న ముచ్చట్లు ముందు చెప్పేస్తాను. టేబుల్ మీద ఎవరో డ్రిల్లు దించిన గుంటల్లో ఎపాక్సీ లప్పం కూరి ఎమరీ పట్టారు, అది మీ చుట్టమే. టేబుల్ జారే గైడ్‌వేల మీద అర్ధచంద్రాకారంలో అందమైన గీతలున్నాయి, చేత్తో గీకి చదును చేసే స్క్రేపింగ్ పనేమో అని మురిసిపోయా. కచ్చితంగా చదునుగా ఉండే సర్ఫేస్ ప్లేట్‌కి ప్రష్యన్ బ్లూ రంగు పూసి ఆనించి చూస్తే రంగంతా మూలల్లో మాత్రమే అంటింది, మధ్యంతా అరిగి పల్లం. అంటే ఆ గీతలు గ్రైండర్‌తో వేసిన ముగ్గన్నమాట. అదే బాలానగర్‌లో 1968 నుంచి సీఐటీడీ (టూల్ డిజైన్ శిక్షణ సంస్థ) ఉంది, పిల్లలకి టూల్ డిజైన్, మైక్రాన్లు నేర్పుతోంది. మీరేమో అదే ఏరియాలో స్ప్రే గన్ పట్టుకుని మసిపూసి మారేడుకాయ చేస్తున్నారు.

నేమ్‌ప్లేట్ సంగతి చెప్పాలి. మెషీన్ టూల్స్ మన ఊరికి కొత్తవి కావు, సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. అటు హర్యానాలోని పింజోర్‌లో హెచ్‌ఎంటీ మిల్లింగ్ మెషీన్లు చేసిన రోజులున్నాయి. నాది వీటిలో ఏదైనా అయ్యుండొచ్చు, ఏదీ కాకపోనూవచ్చు. తెలుసుకుందామంటే ప్లేటు మీద తమరు మందంగా ఆసీనులై ఉన్నారు. అక్షరాల పల్లాల్లోకి కూడా దిగి సర్దుకున్నారు. ఎవరి బిడ్డో తెలియకుండా ఎత్తుకొచ్చాను.

మోటార్ ప్లేటు మీదా అంతే. అదేమైనా అలంకారానికి పెట్టిన ప్లేటా సార్? మా ఇంట్లో సింగిల్ ఫేజ్, మోటారేమో త్రీ ఫేజ్. వీఎఫ్‌డీ అనే కరెంటు మార్చే డబ్బా పెట్టుకుంటే పని జరుగుతుంది, అది సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇస్తుంది. కానీ మోటార్ చుట్లని డెల్టాలో, అంటే త్రికోణంలా కలపాలి. అసలది స్టారా (మూడు చుట్ల కొసలు ఒకే ముడికి), డెల్టానా, ఎన్ని వోల్టులు, ఇవన్నీ రాసి ఉండేది ఆ ప్లేటు మీదే. పోనీ టెర్మినల్ బాక్స్ విప్పి చూద్దామంటే మూత స్క్రూల గాట్లు పూడ్చేశారు. ఇందాక మోకాళ్ల మీద కూర్చున్నది అందుకే. చివరికి మూత ఊడింది, లోపల మూడే వైర్లు. స్టార్ ముడి లోపలే వేసి మూడు కొసలే బయటికి వదిలారేమో, చిన్న మోటార్లలో చాలావాటికి ఇంతే. అదే అయితే డెల్టాకి మార్చాలంటే ఆ ముడి విప్పాలి. వైండింగ్ అతను ఫొటో చూసి "ఓపెన్ చేయాలె సార్" అని పెట్టేశాడు. సరే, అది మీ తప్పు కాదు. మూత దాకా రానివ్వకపోవడం మాత్రం మీ తప్పే.

ఇవన్నీ క్షమించేవాణ్ణి. నిజంగా. పెద్దవారు, నిగనిగలాడుతూ ఉంటారు, పోనీలే అనుకునేవాణ్ణి.

ఆయిల్ నిపుల్స్ మీద ఎందుకు కొట్టారు?

టేబుల్ కింద ఉండే శాడిల్ పక్కన గైడ్‌వేకి కాస్త పైన వేలికి ఏదో బొడిపె తగిలింది. పెయింటు గడ్డ కట్టిందేమో అని గీకాను. ఒక పొర పచ్చది లేచింది. దానికింద బూడిద రంగు. దానికింద ఇంకో రకం పచ్చ. ఆ కింద ఇత్తడి తళుక్కుమంది. ఇంకా గీకితే మధ్యలో ఆవగింజంత స్టీల్ బాల్. ఆయిల్ క్యాన్ మూతితో నొక్కితే బాల్ లోపలికి పోవాలి, చుక్క దిగాలి, వదిలితే స్ప్రింగ్ దాన్ని మళ్లీ పైకి తోయాలి. ఇది కదల్లేదు, సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది. పక్కన వెతికితే ఇంకోటి. టేబుల్‌ని కింద నుంచి మోసే 'మోకాలు' (knee) భాగం మీద ఇంకోటి, టేబుల్ కొసల్లో బ్రాకెట్ల మీద చెరోటి. అన్నీ పూడ్చేసి ఉన్నాయి. ఒకటి విప్పి లోపల తీగ పెట్టి చూస్తే ఆయిల్ దారి నిండా ఎండిన గ్రీజు, పోతఇనుము పొడి కలిసి నల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

ఇక మీరూ గారూ నా వల్ల కాదు. నువ్వనే అంటా.

పొద్దున్నే మెషీన్ ఆన్ చేసేముందు నిపుల్‌కి రెండు చుక్కలు 68 నంబరు స్లైడ్‌వే ఆయిల్ పోయాలని ఐటీఐ కుర్రాడిక్కూడా తెలుసు. కానీ అక్కడో నిపుల్ ఉందని కనబడితే కదా పోసేది! ఒక పొర వేసినప్పుడు బాల్ బిగుసుకుంది, రెండో పొరకి బొడిపె అయింది, మూడో పొరకి అది మెషీన్ ఒంటి మీద పుట్టుమచ్చయి కూర్చుంది. ఆ మధ్యలో ఎన్ని షిఫ్టులు నడిచిందో, ఎంతమంది ఆపరేటర్లు మారారో, ఒక్కడికీ అనుమానం రాలేదు, ఎందుకంటే పైకి చూస్తే నువ్వు మెరుస్తున్నావు, ఇంత నీటుగా పెట్టుకున్న మెషీన్‌కి ఆయిల్ లేకుండా ఉంటుందా అనుకుంటారు ఎవరైనా. దాని నోట్లో మట్టికొట్టి ముఖానికి పౌడర్ రాశావు.

ఇప్పుడు దాని ఫలితం చూడు. టేబుల్ హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే 2.5 మిల్లీమీటర్లు జరగాలి, డయల్ మీద 125 గీతలు, గీతకి 0.02. వినడానికి బాగుంది కదా. హ్యాండిల్ ఇటు తిప్పింది అటు తిప్పితే పావు చుట్టు దాకా టేబుల్‌కి ఆ వార్తే అందదు, చేయి మాత్రం తిరుగుతూ ఉంటుంది. స్క్రూ మీద నట్టు ఎండుగా తిరిగి తిరిగి గన్‌మెటల్ (ఒక రకం కంచు) దారాలు, అంటే మరలు, కత్తి అంచుల్లా పల్చబడ్డాయి. లూజు తీసే జిబ్ పట్టీ బిగిద్దామా అంటే మధ్యలో సరిపోయిన బిగుతు కొసకెళ్లేసరికి పట్టేస్తుంది, కొసకి సరిపోయేలా వదిలితే మధ్యలో టేబుల్ గలగలలాడుతుంది. ఇంత లూజుతో కట్టర్ తిరిగే దిక్కుకే జాబ్‌ని (చెక్కే ముక్కని) నడిపిస్తే ఒక్కసారి టేబుల్‌ని లాక్కుని కట్టర్ పళ్లు ఎగరగొడుతుంది. అందుకని అన్ని కోతలూ ఎదురు దిక్కు నుంచే కోయాలి. ఇదంతా చుక్క నూనె ఖర్చుతో పోయేది. కొత్త నట్టు చేయించాలంటే గన్‌మెటల్ ముక్క, టర్నర్ దగ్గర ఆ రకం దారం కోసే యాక్మే ట్యాప్ ఉందో లేదో కనుక్కోవడం, లేకపోతే సింగిల్ పాయింట్ టూల్‌తో లోపలి దారం కోయమని ఆయన్ని బతిమాలుకోవడం, రేపు, ఎల్లుండి అని తిప్పించుకోవడం. నువ్వేమో స్ప్రే గన్‌లోంచి అలా వచ్చి ఇలా ఆరిపోయావు.

డయల్ గీతల్లో కూడా నువ్వే ఉన్నావని మళ్లీ గుర్తుచేయనా? 125 గీతల్ని సూదిమొనతో ఒక్కొక్కటీ తోడాలి.

ఇంకో మాట, నీ ముత్తాతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లకి వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2016లో రూల్సు చేసి, 2017 నవంబరు నుంచి అమల్లో పెట్టారు. ఎప్పుడో ఫ్యాక్టరీలో మెషీన్‌కి కొట్టిన పొరలు ఆ లెక్కలోకి రావు కదా. అందుకే పొడిగా ఎమరీ పట్టకుండా, రిమూవర్ పూసి తడిగా గీకుతున్నా, ఈ ఎండల్లో మాస్కు పెట్టుకుని, పిల్లల్ని షెడ్డు ఛాయలకి రానివ్వకుండా. నీకు ఇంత మర్యాద ఎవరైనా చేశారా?

అన్నట్టు ఆ ముత్తాత గురించి చెప్పాలి, తిట్లు వాడికి వర్తించవు. మూడు పొరలూ లేచాక అడుగున నీలం కలిసిన పచ్చ ఒకటి బయటపడింది, దాని కింద ప్రైమర్, దాని కింద నున్నగా తీర్చిన ఫ్యాక్టరీ ఫిల్లర్. ఎవరు వేశారో గానీ ఆ పెయింటు నిపుల్ దగ్గరికొచ్చి చక్కగా ఆగింది. ఆగడమే కాదు, నిపుల్ చుట్టూ ఎర్ర రంగుతో సన్నని గుండ్రం గీశారు, ఇక్కడ నూనె పోయరా నాయనా అని. స్టెన్సిల్ కూడా కాదు, చేత్తో పెట్టిన కుంచె గీత, ఒకచోట కాస్త వంకర పోయింది. నీ వంశంలోనూ బుద్ధిమంతులు పుట్టారని అప్పుడు తెలిసింది. తర్వాత వచ్చినవాళ్లకే ఏమైందో.

అసలు నువ్వు లేకుండా కుదరదు, అదీ నా ఖర్మ. ఉత్త పోతఇనుము మన వానాకాలంలో రాత్రికి రాత్రే పసుపు రాసుకుంటుంది. కాబట్టి నట్టు సంగతి తేలాక, రాణిగంజ్‌కి వెళ్లి నిన్నే కొంటా. అదే షేడ్, లీటరు డబ్బా. కుంచెతో వేస్తా, గన్ ఊసెత్తకు. కానీ ముందే చెబుతున్నా, నిపుల్స్ అన్నిటికీ గ్రీజు రాసి ఉంచుతా, ఒక్కదాని మీద పడ్డా థిన్నర్ గుడ్డతో వెంటనే తుడిచేస్తా. డయల్స్ విప్పి ఇంట్లో బీరువాలో పెడతా, వాటి మొహం కూడా చూడవు. స్క్రూ గాట్లలోకి దిగితే మర్యాదగా ఉండదు. గైడ్‌వేల అంచున మాస్కింగ్ టేప్ వేస్తా, టేప్ కిందికి పాకే నీ పాత అలవాటు మానుకో. నేమ్‌ప్లేట్ జోలికొచ్చావంటే డబ్బాలో మిగిలిన దాన్ని గేటుకి కొట్టేస్తా, అక్కడ కుక్కలున్నాయి.

ఇట్లు,
మోటార్ ప్లేటు మీద ఇంకా వోల్టుల అంకె దగ్గరే గీకుతున్న
ఒక కారు షెడ్డు మెషినిస్టు