ఎవాల్వ్ అయిపోయామండీ, ఆయ్!

గమనించారో లేదో, కోనసీమలోనూ భీమవరం పక్కా ఈమధ్య ఎవరూ దేన్నీ మార్చట్లేదు. అన్నీ వాటంతటవే ఎవాల్వ్ అవుతున్నాయి. రోడ్డు మీద గొయ్యి చెరువయ్యేదాకా ఎవాల్వ్ అవుతుంది, కాంట్రాక్టరు బిల్లు ఎవాల్వ్ అవుతుంది, నిరుడు కౌలుకిచ్చినాయన మాట ఈ ఏడు ఎవాల్వ్ అయిపోతుంది. అడిగితే "ఇదో ప్రాసెస్ అండీ, టైం పడుతుంది" అంటారు. ఇంత సుఖమైన మాట అందుబాటులో లేకే పూర్వం మనవాళ్లు తప్పు చేసినప్పుడల్లా తల దించుకోవాల్సి వచ్చేదని నా నిశ్చితాభిప్రాయం.

లాటిన్‌లో ఈ ఎవాల్వ్ అన్న మాటకి మూలార్థం చుట్టిపెట్టినదాన్ని విప్పడం, అప్పట్లో పుస్తకాలు చుట్టలుగా ఉండేవి మరి. ఆ లెక్కన ఆత్రేయపురం పూతరేకు పొర విప్పి నోట్లో వేసుకునే ప్రతివాడూ శాస్త్రవేత్తే. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌కి మాత్రం ఈ మాట మీద పెద్ద మోజు ఉన్నట్టు లేదు. 1859లో అచ్చయిన ఆయన పుస్తకం మొదటి కూర్పులో ఎవల్యూషన్ అన్న మాటే కనబడదు, 'ఎవాల్వ్‌డ్' అని మాత్రం పుస్తకానికి చిట్టచివరి మాటగా వస్తుంది. మనం అంత పిసినారులం కాదు, ఒక్క శంకుస్థాపనలోనే చేటలతో చెరిగేస్తాం.

ఆయన సిద్ధాంతంలో ఇంకో పేచీ ఉంది. ఒక్క జీవి బతికుండగా మారితే అది ఎవల్యూషన్ కాదు, తరాలు గడిచేకొద్దీ మొత్తం గుంపు మారాలి. మన నాయకులు పార్టీ మారేటప్పుడు ఒంటరిగా వెళ్లకుండా సర్పంచుల్నీ, కార్యకర్తల్నీ, ఫ్లెక్సీలవాణ్ణీ కూడా వెంటబెట్టుకుని వెళ్లేది ఇందుకే. ఈ జిల్లాల్లో డార్విన్ వంటబట్టింది వాళ్లకే.

చేపల్లో చూడండి, సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, వరదనీటికి ఎదురీది గోదారెక్కితే పులస. అదే చేప. రేటు మాత్రం కొత్త జాతి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు కాబట్టి ఇక్కడ నిజంగా ఎవాల్వ్ అయ్యేవి పుస్తెలు.

అసలు సిసలు పరిణామం జరుగుతున్న చోట మాత్రం ఈ మాట ఎవడి నోటా రాదు. అక్టోబరులో వరి దుబ్బు పాయదీసి మొదట్లో చేత్తో తట్టండి, నీళ్లమీద గోధుమరంగు పురుగులు పొట్టులా రాలతాయి. సుడిదోమ. మొదట్లో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొడితే చచ్చేది, ఎక్కడో నాలుగు చావకుండా మిగిలాయి, వాటి పిల్లలకీ ఆ మొండితనం వచ్చింది, ఏళ్ల తరబడి అదే మందు కొడుతూ పోయేసరికి మొండివే మిగిలాయి. డార్విన్ చెప్పింది అక్షరాలా ఇదే. చేలో సుడులు సుడులుగా వరి మాడిపోతోందని రైతు వెళ్లి మొత్తుకుంటే మందుల కొట్టాయన ఏమంటాడు? "డోసు పెంచండి బాబూ" అంటాడు. నాటేటప్పుడు రెండు మీటర్లకో కాలిబాట తీస్తే గాలీ వెలుతురూ తగిలి దోమ తగ్గుతుందని వ్యవసాయశాఖ వాళ్లు చెప్తూనే ఉన్నారు. బాటలకి డబ్బా ఉండదు, డబ్బా మీద బొమ్మ ఉండదు, అమ్మేవాడికి కమిషనూ ఉండదు. ఎవడు తీస్తాడండీ?

ఇక చెరువులు. టైగర్ రొయ్యని 1990ల నడుమ వైట్ స్పాట్ వైరస్ ఊడ్చేసింది. 2009లో పసిఫిక్ అవతలి ఒడ్డు తాలూకు వనామీకి అనుమతొచ్చింది. ఆ రొయ్య ఈదుకుంటూ ఉప్పుటేరుకి రాలేదు, విమానంలో తెచ్చారు. వరిచేలు కూడా తెల్లారేసరికి గట్లు మొలిపించుకోలేదు, పొక్లెయిన్ వచ్చింది, గంటకింతని అద్దె కట్టారు, సగం చోట్ల కాగితాలు తరవాత పుట్టాయి. మూడువైపులా ఉప్పునీళ్లు నిలబెడితే మధ్యలో మిగిలిన ఎకరంలోకి ఊట దిగి, ఆకు ఎర్రబడి, చివరికి వాడూ "ఇక నాది కూడా తవ్వేయండి" అంటాడు. దీన్నే ఆక్వా రంగం సహజంగా ఎవాల్వ్ అయిందని మైకులో చెప్తారు. చెప్పేవాళ్లలో గట్టు వేసినాయన ఒకరు, చూసీచూడనట్టు పోయినాయన ఇంకొకరు, ఇద్దరికీ శాలువాలు.

అలా మిగిలిపోయిన ఒక పెద్దాయన దగ్గరికి లీజు మాట్లాడ్డానికి ఓ కుర్రాడొచ్చాడు.

"బాబాయ్, చుట్టూ అందరూ ఎవాల్వ్ అయిపోయారు, మీరొక్కరే ఆగిపోయారు."

"సరేరా అబ్బాయ్, తవ్వుకుందురుగాని. పక్క చేలోకి ఉప్పు దిగితే పూచీ నాదేనని కాగితం మీద రాసి నీ సంతకం పెట్టు."

"నా సంతకం ఎందుకు బాబాయ్, అది దానంతటదే అయ్యేది కదా!"