హరిశ్చంద్రుడి పాఠం మధ్యలో అబద్ధానికి రిహార్సల్

ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి నిన్న సాయంత్రం బ్యాగు సోఫాలో పడేసి, "రేపు ఇన్‌స్పెక్షన్ అట నాన్నా, ఎవరైనా అడిగితే రోజూ గేమ్స్ పీరియడ్ ఉందనీ, వారం వారం లైబ్రరీకి వెళ్తామనీ చెప్పాలట, ఐఐటీ కోచింగ్ ఫౌండేషన్ మెటీరియల్ మాత్రం ఇంట్లోనే పెట్టి రావాలట" అని గడగడా అప్పజెప్పింది. ఇందులో కొత్తేముంది, ప్రైవేటు బడుల్లో మామూలే కదా అని మీరు అనవచ్చు. నాకు ఒళ్లు మండింది ఆ మాటకు కాదు, ఈ తర్ఫీదు ఏ పీరియడ్‌లో ఇచ్చారని అడిగితే "మోరల్ సైన్స్" అని వచ్చిన జవాబుకు. హరిశ్చంద్రుడి పాఠం సగంలో ఆపి, పిల్లలను ఒక్కొక్కరిగా లేపి చెప్పించారట. తడబడిన ఒక అబ్బాయిని, జవాబు నోటికి వచ్చేదాకా నిలబెట్టే ఉంచారట. ఆ పాఠం వంటబట్టింది ఆ ఒక్కడికే అన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తోచినట్టు లేదు.

అసలు ఆ పీరియడ్ ఉన్నదే శుక్రవారం ఆఖరి గంట, అదీ సిలబస్ వెనకబడిందంటూ లెక్కల సారు ఎత్తుకుపోకుండా మిగిలితే. పాఠంలోని హరిశ్చంద్రుడు ఎప్పుడో ఒకసారి దర్శనమిస్తాడు గానీ, ఫీజు గడువు దాటిన మర్నాడే ఫోన్ చేసే నక్షత్రకుడు మాత్రం ఠంచనుగా హాజరవుతాడు.

కాగితాల మీద మనకు ఏ లోటూ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలకు భయం, ఆందోళన లేని చదువు ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం నీతిని కంఠస్థం చేయించమనలేదు, ఏది సరైన పనో పిల్లలు తామే తర్కించుకొని నిర్ణయించుకునేలా నేర్పమంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటి పనివాళ్ల దగ్గర గడపాలని కూడా ఆ విధానంలోనే రాశారు. పన్నెండేళ్ల పిల్లకు చేతిపని విలువ, మనిషి విలువ ఒకేసారి తెలిసే ఏర్పాటు అది. మా బడిలోనూ సంచి లేని రోజు జరిపారు, కాదనను. ప్యాడు, పెన్సిలు మాత్రం తెమ్మని, ఆ రోజంతా ఓఎంఆర్ పరీక్ష పెట్టారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో విద్యార్థులకు నైతిక విలువల కోసం చాగంటి కోటేశ్వరరావు గారిని సలహాదారుగా నియమించింది. మంచిదే, పిల్లలు ఆయన మాటలు శ్రద్ధగా వింటారు కూడా. అయితే అంతటి పెద్దాయన చెప్పి వెళ్లిన మర్నాడు తరగతి గదిలో ఏం జరుగుతోందో చూడవలసిన బాధ్యత ఎవరిదో నాకు అంతుపట్టడం లేదు. ఆ మాటకొస్తే, నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ 1962లో తెలుగులో రాసిన ప్రతిజ్ఞనే నేటికీ దేశమంతా పిల్లలు చెయ్యి చాచి చదువుతున్నారు. అందరితో మర్యాదగా మెలుగుతామని అందులోనే ఉంది. అది చదివి లోపలికి వెళ్లిన పిల్లవాడు, తన అమ్మమ్మ వయసున్న ఆయమ్మను "ఏయ్, బాటిల్ ఒలికింది, తుడువు" అంటుంటే, పక్కనే నిలబడిన టీచరుకు అది వినపడదు. అదే పిల్లవాడు బడి ఆవరణలో తెలుగు మాట్లాడితే మాత్రం వరండా అవతలి నుంచైనా వినపడుతుంది.

అన్నిటికంటే నాకు ఏళ్లుగా కడుపుమంటగా ఉన్నది సెక్షన్ల సంగతి. ప్రతి నెలా మార్కులు చూసి పిల్లలను పై సెక్షన్ నుంచి కిందికి, కింది సెక్షన్ నుంచి పైకి మారుస్తారు. ఆ జాబితాను నోటీసు బోర్డు మీద, ఫోటోలతో సహా అంటిస్తారు. ఆరో తరగతిలో ఒకే డబ్బాలో పెరుగన్నం తిన్న ఇద్దరు పిల్లలు ఏడో తరగతికి వచ్చేసరికి నోట్సు రాసుకుంటూ ఒకరికి ఒకరు మోచేయి అడ్డం పెట్టుకుంటున్నారు. జ్వరం వచ్చి బడి మానేసిన స్నేహితురాలికి హోంవర్కు ఫోటో పంపితే తన ర్యాంకు పోతుందేమోనని భయపడే పిల్లను తయారుచేసి, శుక్రవారం ఆఖరి గంటలో ఆమెకు పరోపకారం గురించి అయిదు మార్కుల ప్రశ్న ఇస్తారు. ఆ ప్రశ్నకు ఆమెకు అయిదుకు అయిదూ వస్తాయి, ఎందుకంటే జవాబు గైడులో ఉంది.

ఇక తోటి తల్లిదండ్రుల మహత్తు చూడండి. ఇన్‌స్పెక్షన్‌లో చెప్పవలసిన జవాబులను ఒక మహాతల్లి వరుస అంకెలతో సహా టైపు చేసి రాత్రి వాట్సాప్ గ్రూపులో పెడితే, కింద దండాల వర్షం కురిసింది. పిల్లలతో ఇలా అబద్ధాలు చెప్పించవచ్చునా అని నేను మర్యాదగానే అడిగాను. "మీకెందుకండీ, రేపు ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతుల్లోనే కదా ఉండేది" అని ఒకాయన హితబోధ చేశారు. ఆయన కొడుకు ఆ పక్కనే కూర్చొని ఆ మాట వింటూ ఉంటాడని ఆయనకు స్ఫురించినట్టు లేదు.

ఇదంతా ప్రిన్సిపాల్‌తో మాట్లాడదామని ఈ ఉదయం వెళ్లాను. మేడమ్ ఇన్‌స్పెక్షన్ హడావిడిలో ఉన్నారు, సోమవారం రమ్మన్నారు. సరేనని తిరిగి వస్తుంటే కౌంటరు దగ్గర ఆపి, వచ్చే టర్ముకు విలువల విద్య పుస్తకం అందరూ కొనాలన్నారు. డబ్బులు కట్టి రసీదు అడిగాను. "దీనికి రసీదు ఉండదు సార్" అంటూ తెల్లకాగితం ముక్క మీద అంకె వేసి ఇచ్చారు.