మాడ్రిడ్ మనదే, మరి నయీముద్దీన్ ఎవరు మామా?

మొన్న చాంపియన్స్ లీగ్ మ్యాచ్ చూద్దామని మణికొండలో మా ఫ్రెండ్ ఫ్లాట్‌కి వెళ్లా. అర్ధరాత్రి పన్నెండున్నర, వాడి ఒళ్లో బిర్యానీ పార్సిల్, ఒంటి మీద తెల్లటి రియల్ మాడ్రిడ్ జెర్సీ, దాని మీద అప్పటికే సాలన్ మరక. "మన డిఫెన్స్ మరీ ఘోరంగా తయారైంది మామా" అన్నాడు. మన అంటే స్పెయిన్ క్లబ్ మాడ్రిడ్ అన్నమాట. వీడికి పాస్‌పోర్టే లేదు.

"జిదాన్ ఉన్నప్పుడు మనం ఎట్లుండె" అని మొదలెట్టి, ప్లేయర్‌గా ఫ్రాన్స్‌కి 1998 వరల్డ్ కప్, 2002లో గ్లాస్గో ఫైనల్లో ఎడంకాలి వాలీ, మాడ్రిడ్ కోచ్‌గా 2016, 2017, 2018 వరసగా మూడు చాంపియన్స్ లీగ్ కప్పులు అని లెగ్ పీస్‌ని మైకులా పట్టుకుని చదువుతున్నాడు, ఆపమంటే ఆపడు, 2006 ఫైనల్లో జిదాన్ తలతో గుద్దిన గుద్దు యాక్షన్ చేసి చూపించబోయి సాలన్ గిన్నె సోఫా మీద ఒలకబోశాడు, అయినా ఆపలేదు.

నేను ఊరుకోవచ్చుగా. "మనూరివాడే ఒకాయన ప్లేయర్‌గానూ, కోచ్‌గానూ గెలిచాడు, నయీముద్దీన్, తెలుసా?" అన్నా.

"నయీమా? షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్ అయ్యాడు కదా మామా."

అది గ్యాంగ్‌స్టర్ రా నాయనా! నేను చెప్పేది సయ్యద్ నయీముద్దీన్ గురించి.

బాగా ఆలోచిస్తే తప్పంతా నయీమ్ సాబ్‌దే అనిపించింది. పుట్టేవాడు జిదాన్ లాగా ఫ్రాన్స్‌లో ఏ మార్సెయ్‌లోనో పుట్టొచ్చుగా, హైదరాబాద్‌లో పుట్టాడు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌కి ఇండియా ఫుట్‌బాల్ కెప్టెన్‌గా వెళ్లి జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం తెచ్చాడు, అదీ రీల్స్ లేని రోజుల్లో, ఎంత బాధ్యత లేకపోతే! అర్జున అవార్డు తీసుకుని ఇంట్లో కూర్చోక కోచ్ అయ్యాడు. 1990లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే మూడు పెద్ద కప్పులూ గెలిపించాడు, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య కూడా ఆ ఏడాదే, ఫుట్‌బాల్‌కి వచ్చిన మొదటిది అదే. 2005లో ఇండియా టీమ్‌తో కరాచీ వెళ్లి దక్షిణాసియా దేశాల శాఫ్ కప్పు పట్టుకొచ్చాడు. పైగా డిసిప్లిన్ పిచ్చి. ఇట్లాంటోడికి ఫ్యాన్ పేజీ ఎవడు పెడతాడు చెప్పండి.

ఆ 1970 కాంస్యం తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో మెడల్ రాలేదు. యాభై ఏళ్లు దాటిపోయాయి రా! 1951, 1962 బంగారాలు తెచ్చిన కోచ్ రహీం సాబ్‌దీ ఈ ఊరే. 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లు వరసగా రోవర్స్ కప్పు కొట్టింది మన సిటీ పోలీస్ టీమ్, ఇప్పుడు సిటీ పోలీస్ అంటే మనకి గుర్తొచ్చేది చలాన్లే. 2022లో దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ క్లబ్ మూట సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోతే ఒక్కడంటే ఒక్కడు అడిగాడా? మాడ్రిడ్‌లో కోచ్‌ని మారిస్తే మాత్రం నిద్రలు పట్టవు, స్టేటస్‌లో నల్ల బొమ్మలు పెడతారు, సిగ్గుండాలి. పైనుంచి "ఇండియాలో ఫుట్‌బాల్ ఎక్కడుంది బ్రో" అని మీమ్స్ ఒకటి.

హాఫ్ టైమ్‌లో మావాడు ఫోన్‌లో వెతికి చూశాడు. కాసేపు మాట్లాడలేదు. "నిజమే మామా, పెద్ద లెజెండే. ఈయన జెర్సీ ఆన్‌లైన్‌లో దొరుకుద్దా?"

దొరకదన్నా.

"మరెట్లా మామా సపోర్ట్ చేసేది" అనుకుంటా టిష్యూతో సాలన్ మరక రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా సెకండాఫ్ మొదలైంది.